సోరియాసిస్: అంటుకొనదు, అదుపులో ఉండును

చర్మవ్యాధులలో రోగిని శరీరము కంటె మనస్సున ఎక్కువగ కృశింపజేయునది సోరియాసిస్. జ్వరము వచ్చినవాని ప్రక్కన ఇంటివారు కూర్చుండి పరామర్శింతురు. మోచేతులపై, మోకాళ్లపై తెల్లని పొలుసులు లేచినవానిని మాత్రము అదే ఇంటివారు ఒకింత ఎడముగ ఉంచుదురు. అతని తువాలు వేరు, దిండు వేరు, కొన్ని ఇండ్లలో కంచము కూడ వేరు. ఈ వ్యాధి ఒకరి నుండి మరొకరికి అంటదు అను ఒక్క మాట తెలియకపోవుటచే జరుగు అన్యాయమిది.

నెల్లూరు జిల్లా సముద్రతీరమున ముప్పదియైదేండ్లకు పైగా వైద్యము చేయుచున్నాను. మైపాడు మొదలు ఇస్కపల్లి వరకు గల పల్లెల నుండి వచ్చు సోరియాసిస్ రోగులు మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: "సామీ, ఇది మొత్తానికి పోతాదా?" దీనికి నిజమైన సమాధానము రెండు భాగములుగ ఉండును. ఈ వ్యాధి తత్త్వమును వేరుతో సహా పెకలించివేయు మందు ఏ వైద్యవిధానమునందును నేటికి లేదు. చర్మమును నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరముల తరబడి నిర్మలముగ ఉంచగల చికిత్సలు మాత్రము పెక్కు కలవు. మొదటి భాగమును దాచు వైద్యుడు రోగిని మోసగించినట్లు. రెండవ భాగమును చెప్పనివాడు రోగిని నిరాశపాలు చేసినట్లు. ఆ చికిత్సలేవి, ఏ దశలో ఏది తగును, దేనియందు జాగ్రత్త అవసరము అను విషయములను ఈ వ్యాసమున వివరింతును.

వ్యాధి స్వరూపము

మన చర్మపు పైపొర ఎల్లప్పుడును క్రొత్తదగుచుండును. లోపల పుట్టిన కణము పైకి చేరి, ఎండి, రాలిపోవుటకు సుమారు 28 రోజులు పట్టును. సోరియాసిస్ నందు ఈ పని నాలుగైదు రోజులలోనే జరిగిపోవును. కణములు పక్వము గాకుండగనే పైకి వచ్చి గుట్టగా పేరుకొనును. అవియే వెండివలె మెరయు పొలుసులు. వాటి క్రింద చర్మము ఎఱ్ఱగ, దళసరిగ ఉండును. పొలుసును గోటితో పెకలించినచో సూదిమొనలవంటి రక్తపు చుక్కలు కనిపించును.

దీనికి కారణము రోగనిరోధకశక్తి దారితప్పుట. శత్రువును ఎదిరింపవలసిన రక్షకకణములు తన చర్మమునే రెచ్చగొట్టును. కొన్ని కుటుంబములలో ఈ తత్త్వము వంశానుగతముగ వచ్చును గాని, తండ్రికి ఉన్నంతమాత్రమున బిడ్డకు వచ్చి తీరవలెనని లేదు. మోచేతులు, మోకాళ్లు, తల, నడుము దిగువ భాగము దీనికి ముఖ్యస్థానములు. గోళ్లపై సూదితో పొడిచినట్లు చిన్న గుంటలు పడుటయు దీని గుర్తే. కొందరికి కీళ్లవాపు కూడ వచ్చును.

కుష్ఠము అను మాట

చరకసంహిత చికిత్సాస్థానమున 7వ అధ్యాయము కుష్ఠచికిత్స. అందు 18 విధములైన కుష్ఠములు చెప్పబడినవి. 7 మహాకుష్ఠములు, 11 క్షుద్రకుష్ఠములు. చెమట పట్టక, విస్తారముగ వ్యాపించి, చేపపొలుసును పోలియుండునది ఏకకుష్ఠమనియు, నల్లబడి గరుకుగ కాయకట్టినట్లుండునది కిటిభమనియు వర్ణింపబడినవి. నేటి సోరియాసిస్ లక్షణములు ఎక్కువగ ఈ రెంటికి సరిపోవును. చేపలమధ్య బ్రతుకు మన తీరవాసులకు ఆ చేపపొలుసు పోలిక వివరింపనక్కరలేదు.

ఇచట ఒక విషయము స్పష్టముగ తెలియవలెను. శాస్త్రమునందు కుష్ఠమనగా చర్మమును వికృతము చేయు వ్యాధులన్నిటికి పెట్టిన సామాన్యనామము. నేడు లోకమున కుష్ఠు అను మాటకు గల అర్థము వేరు; అది ఒక సూక్ష్మజీవివలన కలుగు లెప్రసీ వ్యాధి. పాశ్చాత్యులు కూడ ఈ రెంటిని చాలకాలము కలగలిపియే చూచినారు. ఆస్ట్రియా వైద్యుడు ఫెర్డినాండ్ హెబ్రా 1841లో సోరియాసిస్‌ను లెప్రసీ నుండి స్పష్టముగ వేరు చేసెను. ఇంటిలో గుర్తించుటకు ఒక తేడా చెప్పెదను. లెప్రసీ మచ్చపై స్పర్శ తగ్గును, కొందరికి పూర్తిగ పోవును. సోరియాసిస్ మచ్చపై స్పర్శ చక్కగ ఉండును, తరచు దురద కూడ ఉండును. అనుమానమున్నచో చర్మవైద్యుని చేత పరీక్ష చేయించుకొనుట ఉత్తమము. లెప్రసీయే అయినను నేడు మందులతో నయమగును గనుక దానికిని భయపడవలసిన పనిలేదు.

ఈ పేరు చేయు కీడు నేను చూచినది ఒకటి చెప్పెదను. విడవలూరు వైపు నుండి ఒక తల్లి తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చినది. పిల్లకు మోచేతులపై మాత్రము వ్యాధి ఉన్నది. అంతకుముందు చూచిన వైద్యుడొకరు మందులచీటిపై శాస్త్రప్రకారము 'ఏకకుష్ఠము' అని వ్రాసినారట. ఆ చీటి పెండ్లివారి కంటబడినది. సంబంధము తప్పిపోయినది. "మా బిడ్డకు కుష్టని రాశారు సామీ" అని ఆ తల్లి ఏడ్చినది. చర్మవైద్యుని పరీక్షాపత్రముతో పెండ్లివారికి నేను స్వయముగ నచ్చజెప్పినను వారు వెనుకకు రాలేదు. ఆ అమ్మాయికి తరువాత వేరొకచోట, ఉన్న విషయము చెప్పియే, వివాహమైనది. ఇద్దరు బిడ్డల తల్లి. మోచేతులపై పొలుసులు ఇప్పటికిని చలికాలమున వచ్చి పోవుచున్నవి. భర్తకు గాని బిడ్డలకు గాని ఏమియు రాలేదు. నాటినుండి నేను చీటిపై 'సోరియాసిస్, అంటువ్యాధి కాదు' అని తెలుగులో విడిగ వ్రాయుచున్నాను. తోటి వైద్యులును ఇట్లు చేయుదురని ఆశింతును.

వ్యాధిని రెచ్చగొట్టునవి

గాయము: చర్మము గీరుకొన్నచోట, తెగినచోట క్రొత్త మచ్చ లేచుట ఈ వ్యాధి స్వభావము. వలల త్రాళ్లు లాగువారికి అరచేతులలో, ఉప్పుకొఠార్లలో పనిచేయువారికి పాదములందు ఇది తరచు కనిపించును.
గొంతునొప్పి: పిల్లలకు, యౌవనస్థులకు గొంతులో పుండు వచ్చి తగ్గిన రెండు మూడు వారములకు ఒంటినిండ చినుకులవంటి మచ్చలు లేచుట కలదు.
మందులు: రక్తపోటుకు వాడు కొన్ని మాత్రలు, మానసికవ్యాధులకు వాడు లిథియము, మలేరియాకు వాడు క్లోరోక్విను వ్యాధిని పెంచవచ్చును. వాటిని తమంతట తాము మానరాదు. వ్రాసిన వైద్యునికి తెలిపి మార్పించుకొనవలెను.
మద్యము, పొగాకు, నిద్రలేమి, మనోవ్యథ: ఇవి నాలుగును ఒకదానికొకటి తోడై వ్యాధిని నిలిపియుంచును.

ఇంటిలో చేయదగిన చికిత్స

మచ్చలు కొద్దిగ ఉన్నవారికి మొదటి మందు నూనె. పొడిబారిన చర్మమే పగులును, దురదపెట్టును, రాలును. స్నానము గోరువెచ్చని నీటితో చేయవలెను. పీచుతో గాని రాతితో గాని రుద్దరాదు. కారము ఎక్కువైన సబ్బుకు బదులు పెసరపిండి వాడవచ్చును. తుడుచుకొన్న మూడు నాలుగు నిమిషములలో, చర్మము చెమ్మగ ఉండగనే, స్వచ్ఛమైన కొబ్బరినూనె పట్టించవలెను. తలలో దట్టముగ పేరుకొన్నచో రాత్రి నూనె పట్టించి, ఉదయము మెత్తబడిన పొలుసును వెడల్పు పండ్ల దువ్వెనతో మెల్లగ తీయవలెను. ఉప్పుకొఠార్ల పనివారు మడిలో దిగుటకు ముందు కాళ్లకు నూనె పట్టించి, పని ముగిసిన వెంటనే మంచినీటితో కడుగుకొని మరల నూనె వ్రాసికొన్నచో పగుళ్లు చాలవరకు తగ్గును.

అంకుడు ఆకు తైలము: ఏటికొప్పాక లక్కబొమ్మలు చేయు కఱ్ఱ ఈ అంకుడు చెట్టుదే. తమిళులు దీనిని వెట్పాలై అందురు. సిద్ధవైద్యమున సోరియాసిస్‌కు వాడు 777 తైలమునకు ఈ ఆకే మూలము. తాజా ఆకులను తడిలేకుండ తుడిచి, చేతితో త్రుంచి, గాజుపాత్రలో వేసి, మునుగునంత కొబ్బరినూనె పోయవలెను. పాత్రకు పలుచని గుడ్డ కట్టి వారము రోజులు ఎండలో ఉంచవలెను. నూనె క్రమముగ ముదురు ఊదారంగునకు తిరుగును. దానిని వడగట్టి, రాత్రిపూట మచ్చలపై పట్టించవలెను. కొడిశపాల చెట్టు చూపునకు దీనివలెనే ఉండును గనుక, తెలిసినవారికి చూపి ఆకు తేవలెను. ముందుగ ముంజేతిపై కొద్ది చోట రాసి, ఒకరోజు గమనించి, మంట లేనిచో వాడవలెను.

ఆయుర్వేద చికిత్స

వ్యాధి విస్తరించినపుడు పైపూత చాలదు. శాస్త్రము దీనికి శోధనము, శమనము అను రెండు మార్గములు చెప్పినది. శోధనమనగా స్నేహపానము చేయించి, వమన విరేచనములచే దోషములను వెడలగొట్టుట. ఇది వైద్యుని సమక్షమున, రోగి బలమును చూచి చేయవలసినది. ముసలివారికి, గర్భిణులకు, గుండెజబ్బు గలవారికి తగదు. ఇంటిలో ఆముదము త్రాగి విరేచనములు చేసికొనుట శోధనము కానేరదు.

శమనమునకు పంచతిక్త ఘృతము ప్రసిద్ధము. వేప, చేదుపొట్ల, వాకుడు, తిప్పతీగ, అడ్డసరము అను అయిదు చేదుద్రవ్యములతో నేయి కాచి చేయుదురు. మంజిష్ఠాది కషాయము, ఖదిరారిష్టము మొదలగునవి రోగి ప్రకృతిని బట్టి జోడింతుము. కేరళీయుల తక్రధార, అనగా ఔషధములతో కాచిన మజ్జిగను ధారగ పోయుట, తలలోని వ్యాధికిని నిద్రలేమికిని మేలు చేయుట నేను చూచినాను. ఈ మందుల గుణము తెలియుటకు కనీసము రెండు మూడు నెలల ఓపిక కావలెను.

పాదరసము, హరితాళము చేరిన రసౌషధములను మాత్రము ఎవరో చెప్పినారని కొని తినరాదు. హరితాళమందలి పాషాణము దేహమున నిలిచి చేయు హాని లోకమునకు తెలిసినదే. 19వ శతాబ్దమున పాశ్చాత్యవైద్యులును పాషాణద్రావకమును సోరియాసిస్‌కు ఏండ్ల తరబడి ఇచ్చి, తరువాత రోగులకు చర్మపు కాన్సరు వచ్చుట చూచి విడిచినారు.

ఎండ, సముద్రము

లేత ఎండ ఈ వ్యాధికి హితము. ఈశాన్య ఋతుపవనము మన తీరమును కప్పు కార్తీక మార్గశిరములలో ఎండ తగ్గి, చలి పెరిగి, వ్యాధి ముదురుట చాలమందిలో చూచుచున్నాను. ఉదయమున 10 నుండి 15 నిమిషములు మచ్చలకు ఎండ తగులనిచ్చుట మంచిది. చర్మము కందునంతసేపు ఉండరాదు. ఎండలో వ్యాధి పెరుగువారు కొందరు కలరు, వారు మానవలెను. ఇజ్రాయెలు, జోర్డాను దేశముల నడుమనున్న మృతసముద్రమునకు ఎండ, ఉప్పునీటి చికిత్సకై పెక్కుదేశముల రోగులు పోవుదురు. ఆ నీటిలో ఉప్పు సామాన్య సముద్రమున కంటె అనేక రెట్లు ఎక్కువ. మన మైపాడు నీటికి అంత గుణము ఆరోపింపరాదు గాని, సముద్రస్నానము పొలుసును మెత్తబరచును. తరువాత మంచినీటితో కడిగి నూనె పట్టించుట మరువరాదు. పగిలి నెత్తురుకారు చర్మముతో సముద్రమున దిగరాదు.

బావంచాల గింజలను బొల్లికి మన పూర్వులు వాడిరి. ఆ గింజలందును, ఈజిప్టు దేశపు మరొక మొక్కయందును గల సొరాలెను అను పదార్థమునకు ఎండ తోడైనచో చర్మముపై గట్టిగ పనిచేయును. దీనిని ఆధారము చేసికొని 1974లో అమెరికా వైద్యులు 'పువా' అను కిరణచికిత్సను సోరియాసిస్‌కు ప్రకటించినారు. ఇప్పుడు ఎక్కువగ సొరాలెను అక్కరలేని, 311 నానోమీటర్ల కిరణములచే చేయు చికిత్స వాడుకలో ఉన్నది. వారమునకు రెండు మూడు మార్లు ఆసుపత్రికి పోవలెను. మందులు తినలేనివారికి ఇది మంచి మార్గము. బావంచాల నూనెను ఇంటిలో పూసికొని ఎండలో కూర్చుండుట మాత్రము ప్రమాదము. బొబ్బలెక్కి, గాయమైన ప్రతిచోట క్రొత్త మచ్చ లేచును.

ఆధునిక వైద్యమున మందులు

నేను గురుకులమున చదివినవాడనైనను, రోగికి మేలు చేయు మందు ఎచటిదైనను చెప్పుట నా ధర్మము. సాలిసిలిక్ ఆమ్లము, తారు, విటమిన్ డి సంబంధమైన కాల్సిపోట్రయోలు కలిసిన లేపనములు స్వల్పవ్యాధికి పనిచేయును. స్టెరాయిడ్ లేపనము త్వరగ గుణమిచ్చును గాని, వైద్యుడు చెప్పిన దినములే వాడవలెను. నెలల తరబడి పూసినచో చర్మము పలుచబడును. ముఖముపై, చంకలలో, గజ్జలలో మరింత జాగ్రత్త కావలెను.

వ్యాధి ఎక్కువైనపుడు వాడు మెథోట్రెక్సేటు కథ తెలుగువారికి గర్వకారణము. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించి, పిదప అమెరికా వెళ్లినారు. లెడర్లీ సంస్థలో వారి నాయకత్వమున జరిగిన పరిశోధనలనుండి అమినోప్టెరిన్, మెథోట్రెక్సేటు వెలువడినవి. అవి కాన్సరు మందులు. సుబ్బారావుగారు 1948లో గతించినారు. 1951లో కీళ్లవాతమునకు అమినోప్టెరిన్ ఇచ్చి చూచుచున్న వైద్యులకు రోగుల సోరియాసిస్ కూడ తగ్గుట కనిపించినది. ఆ కుటుంబపు మందే నేటికిని మెథోట్రెక్సేటు రూపమున తక్కువ వెలకు లక్షలమందికి ఉపకరించుచున్నది.

ఈ మాత్రను సోరియాసిస్‌కు వారమునకు ఒక్క దినమే వాడవలెను. పొరపాటున ప్రతిదినము మ్రింగినచో నోరు పూసి, రక్తకణములు తగ్గి, ప్రాణము మీదికి వచ్చును. ఇంటిలో ఎవరైనను వాడుచున్నచో ఆ వారమును క్యాలెండరుపై గుర్తుపెట్టుడు. గర్భిణులు, గర్భము కోరువారు వాడరాదు. పురుషులును సంతానము కోరునపుడు ముందుగ వైద్యునికి తెలుపవలెను. మద్యము ముట్టరాదు. కాలేయము, రక్తము పరీక్షలు క్రమముగ చేయించవలెను. దీనితోపాటు ఆయుర్వేద కషాయములు త్రాగదలచినచో ఇరువురు వైద్యులకును తెలుపుడు. తిప్పతీగవంటి మూలికలు కూడ కొందరికి కాలేయమును బాధించినట్లు వైద్యులు వ్రాసినారు.

ఇటీవల రోగనిరోధకశక్తిలోని ఒక్కొక్క మీటను మాత్రమే నొక్కు బయోలాజిక్ సూదిమందులు వచ్చినవి. మనదేశమున అభివృద్ధిచేసిన ఇటోలిజుమాబ్ అను మందు 2013లో సోరియాసిస్‌కై విడుదలైనది. ఇట్టి మందులు తీవ్రవ్యాధిని, కీళ్లవాపును బాగుగ అణచును. వెల ఎక్కువ. ఆరంభించుటకు ముందు క్షయ పరీక్ష తప్పనిసరి.

పొట్లపు మందులతో ప్రాణాపాయము

రొయ్యల చెరువులపై కాపలా ఉండు ఒక నలువది యేండ్ల మనిషి, సంతలో తిరుగు మందులవాని వద్ద తెల్లని చూర్ణపు పొట్లములు కొన్నాడు. నెలలో ఒళ్లు అద్దమువలె అయినది. ముఖము గుండ్రముగ ఉబ్బినది, రక్తపోటు, చక్కెర పెరిగినవి, అదంతయు బలమనుకొన్నాడు. మందులవాడు మరల రాలేదు. పొట్లములు అయిపోయిన మూడు వారములకు అరికాలు మొదలు తలవరకు చర్మమంతయు ఎఱ్ఱబడి, పొరలుగ ఊడి, చలితో వణకుచు నావద్దకు మోసికొని వచ్చినారు. వెంటనే నెల్లూరు ఆసుపత్రికి పంపితిని. పది దినములు ఉండి బ్రతికి బయటపడినాడు.

ఆ లక్షణములన్నియు చూర్ణమున స్టెరాయిడ్ కలిపినారనుటకు గుర్తులు. లోపలికి తీసికొన్న స్టెరాయిడ్ ఒక్కసారి ఆగినచో సోరియాసిస్ ఇట్లే విజృంభించును. పేరు, చేర్చిన ద్రవ్యములు, తయారీదారు చిరునామా లేని మందు ఏదియు నోట వేసికొనరాదు. నెలలోనే శాశ్వతముగ పోగొట్టుదునని హామీ ఇచ్చువానిని దూరముగ ఉంచుడు. ఇట్టి మందు ఇదివరకే వాడుచున్నచో తమంతట తాము ఆపక, ఆ పొట్లమును తీసికొని వైద్యునివద్దకు పోవలెను.

పథ్యము

పాత మొలగొలుకుల బియ్యపు అన్నము, పెసరకట్టు, పొట్లకాయ, బీరకాయ, కాకరకాయ హితములు. అతిగ ఉప్పు, పులుపు, నిలవ పచ్చళ్లు, ఎండుచేపలు తగ్గింపవలెను. శాస్త్రము విరుద్ధాహారమును కుష్ఠకారణములలో చేర్చినది. పాలు, చేపలు కలిపి తినుట అందు ముఖ్యము. దీనికి ఆధునిక పరిశోధనల నిరూపణ లేదు గాని, ఆచరించుటవలన నష్టమును లేదు. స్థూలకాయులు బరువు తగ్గినచో వ్యాధి తగ్గుట మాత్రము పరిశోధనలలో కూడ తేలినది. ఈ రోగులకు మధుమేహము, గుండెజబ్బు వచ్చు అవకాశము ఎక్కువ గనుక పథ్యము చర్మముకొరకే అనుకొనరాదు.

పాఠకుల సందేహములు

చేపల పులుసు పూర్తిగ మానవలెనా? వ్యాధి ముదిరిన కొన్ని వారములు మానుడు. నెమ్మదించిన పిదప, పులుపు తగ్గించి, ఆ పూట పాలు పెరుగు లేకుండ మితముగ తినవచ్చును.

ఒకే మంగలికత్తెర, ఒకే దువ్వెన, ఒకే పడక వాడినచో వచ్చునా? సోరియాసిస్ రాదు. తలలో పొలుసులున్నవారు క్షురకునికి ఈ సంగతి ముందే చెప్పుకొన్నచో ఇరువురికిని సంకోచము ఉండదు.

ఏ లక్షణములున్నచో ఆలస్యము చేయరాదు? ఒళ్లంతయు ఎఱ్ఱబడి చలి పుట్టుట. జ్వరముతో చీముపొక్కులు లేచుట. ఉదయము లేవగనే వ్రేళ్లు, మడమలు బిగిసి అరగంటకు పైగ సడలకుండుట. కన్ను ఎఱ్ఱబడి నొచ్చుట. కీళ్లవాపును అశ్రద్ధ చేసినచో వ్రేళ్లు శాశ్వతముగ వంకరపోవును. వీనిలో ఏది కనిపించినను ఆసుపత్రికి పోవలెను.

మచ్చలు పోయిన తరువాత మందు ఆపవచ్చునా? వైద్యుడు చెప్పిన క్రమమున తగ్గించుడు. నూనె మాత్రము ఎన్నడును ఆపరాదు.

మచ్చలు కొద్దిగ ఉన్నపుడు నూనె, లేపనము. విస్తరించినపుడు శోధన శమనములు గాని కిరణచికిత్స గాని. కీళ్లు పట్టినను, ఒళ్లంతయు క్రమ్మినను ఆధునిక వైద్యుని మందులు. ఈ మెట్లను గుర్తుంచుకొని, ఒక వైద్యునికి తెలియకుండ మరొకని మందు వాడకుండుట రోగి చేయవలసిన పని. ఇక ఇంటివారు చేయవలసినది ఒకటి కలదు. వేరుపెట్టిన కంచమును ఈ పూటనే తక్కిన కంచములతో కలిపి కడిగి, రోగిని అందరి బంతిలో కూర్చుండబెట్టుడు.